నొప్పి సరే, ఆ సిగ్గు మాటేమిటి?

మా క్వార్టర్ల వరుసలో నాలుగో ఇంటి కోడలికి ఇప్పుడు ఎనిమిదో నెల. డిగ్రీ చదివిన పిల్ల. భర్తకి అండర్ గ్రౌండ్ బాయిలో పని. మొన్నొక మధ్యాహ్నం ఓపెన్ కాస్టులో బ్లాస్టింగుకి కిటికీ తలుపులు గడగడలాడుతుంటే, మా ఇంట్లో కూర్చుని నాతోపాటు చింతపండు గింజలు తీస్తూ ఉన్నట్టుండి అంది.

"అక్కా, నేనైతే ఆపరేషనే చేయించుకుంట. మంచిరోజు చూసి చెప్తమన్నరు."

"ఎందుకే? డాక్టరమ్మ ఏమన్నా చెప్పిందా? బిడ్డ అడ్డం తిరిగిందా?"

"అదేం లేదక్కా. అంత మంచిగనే ఉన్నదన్నది."

"మరి నొప్పులకు భయమా?"

కాసేపు పలకలేదు. తర్వాత తల వంచుకునే చెప్పింది. "నొప్పులైతే ఎట్లనో ఓర్చుకుంట. అక్కడ అందరి ముందట బట్టల్లేకుంట పండుకోవాల్నట. ఒర్రితే తిడతరట. మా పెద్దమ్మ బిడ్డ చెప్పింది, ముక్కేటప్పుడు దొడ్డికి గూడ అయితదట. ఆళ్ళ ముందట అట్లయితే నేను మల్ల తలెత్తుకుంటనా?"

నా చేతిలో చింతపండు అలాగే ఉండిపోయింది. పదిహేనేళ్ళ కిందట నేను ఎవరినీ అడగలేకపోయిన మాట ఆ పిల్ల అడిగేసింది.

లెక్కల్లో కనబడని కారణం

ఇది ఒక్క పిల్ల భయమైతే నాలుగు ధైర్య వచనాలు చెప్పి ఊరుకోవచ్చు. కానీ మన రాష్ట్రం సంగతి చూడండి. 2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 97 కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. సంతోషించాల్సిన విషయమే. మంత్రసాని చేతిలో తల్లో బిడ్డో పోయారన్న కబుర్లు మన నాయనమ్మల కాలంలో ఎన్ని విన్నాం! కానీ అదే సర్వేలో ఇంకో లెక్కా ఉంది. తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు సిజేరియన్లు. దేశం మొత్తం మీద 21.5. రాష్ట్రాలన్నిటిలోకీ మనదే పైచేయి. ప్రైవేటు ఆసుపత్రుల్లో నూటికి 81.5, ప్రభుత్వ ఆసుపత్రుల్లో 44.5. నూటికి పది, పదిహేను దాటి సిజేరియన్లు అవసరమనడానికి ఆధారం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985లోనే చెప్పింది.

ఈ అంకెలు పేపర్లో పడ్డప్పుడల్లా రెండు రకాల తిట్లు వినబడతాయి. డబ్బు కోసం డాక్టర్లు కోసేస్తున్నారని ఒకటి. ఈ కాలం ఆడపిల్లలకి ఓర్పు లేదని రెండోది. మొదటి మాటలో కొంత నిజం లేకపోలేదు. ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రుల లెక్కల మధ్య ఉన్న తేడాయే అందుకు సాక్ష్యం. పన్నెండు గంటలు కాచుకుని కూర్చునే కంటే గంటలో పని ముగించడం ఎవరికైనా సులువే. దీనికితోడు పంచాంగం చూసి ముహూర్తం పెట్టించే పెద్దలున్నారు. తొలి కాన్పు ఆపరేషనైతే మలి కాన్పూ అదేనన్న పద్ధతి ఉంది. ఏదైనా తేడా వస్తే బంధువులు ఎదురు తిరుగుతారన్న జంకు డాక్టర్లకూ ఉంది.

రెండో మాటే నాకు కష్టం కలిగిస్తుంది. ఓర్పు లేకపోవడం అంటే ఏమిటి? దేన్ని ఓర్చుకోలేక ఈ పిల్లలు ఆపరేషన్ అడుగుతున్నారు? నొప్పినా, అవమానాన్నా? ఆ ప్రశ్నకి ఏ సర్వే పట్టికలోనూ గడి లేదు.

నా సంగతి

ఇతరుల సంగతి ఎందుకు, నాదే చెబుతాను. ఏ ఊరు, ఏ ఆసుపత్రి అన్నది అనవసరం. నా తొలి కాన్పప్పుడు లేబర్ రూములో మంచాలు పక్కపక్కనే ఉన్నాయి. మధ్యలో తెర లేదు. అమ్మని తలుపు అవతలే ఆపేశారు. నొప్పి తట్టుకోలేక గట్టిగా అరిచాను. అక్కడున్న ఒకావిడ, మొగుడితో పడుకున్నప్పుడు లేని నొప్పి ఇప్పుడెక్కడిది అన్న అర్థం వచ్చేలా ఒక మాట అంది. అసలు మాట ఇక్కడ రాయలేను. ఇంకొకావిడ నవ్వింది. పక్క మంచం మీదావిడ నా వంక చూసి మొహం తిప్పుకుంది.

ఆ రాత్రి నొప్పి ఎలా ఉందో ఇవాళ చెప్పమంటే చెప్పలేను. ఆ మాట మాత్రం అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది.

రెండో కాన్పుకి నేనే ఆపరేషన్ అడిగాను. అమ్మకీ అత్తగారికీ బిడ్డ సరిగా లేదని చెప్పాను. అది అబద్ధం. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. సిగ్గు తప్పించుకుందామని ఆపరేషన్ చేయించుకున్నదాన్ని, మూత్రానికి గొట్టం వేయించుకుని, మర్నాడు మంచం దిగడానికి మనిషి సాయం పట్టి, ఒళ్ళు తుడవడానికి ఆయమ్మని బతిమాలుకుని ఉన్నాను. ఇంటికొచ్చాక పెద్దది ఎత్తుకోమని ఏడిస్తే వంగలేకపోయాను. అప్పుడర్థమైంది, ఆపరేషన్ థియేటరులోనూ మన సిగ్గుకి చాటు లేదని.

సిజేరియన్ చెడ్డదని నేననడం లేదు. బిడ్డ అడ్డంగా ఉన్నా, మాయ గర్భాశయ ముఖద్వారానికి అడ్డుపడినా, బిడ్డ గుండె చప్పుడు తగ్గుతున్నా ఆ కోతే రెండు ప్రాణాలు నిలబెడుతుంది. కానీ అది పెద్ద ఆపరేషనే. గాయం మానాలి. తర్వాతి గర్భాల్లో మాయ పాత కుట్టు దగ్గర అతుక్కుపోయే ప్రమాదం, ఆపరేషన్ల సంఖ్యతోపాటు పెరుగుతుంది. అంత పెద్ద నిర్ణయం సిగ్గు మీద ఆధారపడి జరగడమే నా బాధ.

ఎవరూ చెప్పని నాలుగు నిజాలు

మా పిల్ల తల వంచుకుని అడిగిన మాటకే ముందు జవాబు. బిడ్డ తల కిందికి దిగేటప్పుడు పెద్దపేగు చివరి భాగాన్ని నొక్కుతుంది. అందువల్ల ముక్కేటప్పుడు కొంచెం విరేచనం కావడం చాలామందికి జరిగేదే. నర్సమ్మలు రోజూ చూసేదే. తుడిచేసి తమ పని తాము చూసుకుంటారు. దానికి భయపడి ముక్కకుండా బిగబట్టుకుంటేనే కష్టం. ఇందుకోసం ప్రతి తల్లికీ ఎనిమా ఇవ్వడం, వెంట్రుకలు తీయడం అవసరం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 సూచనల్లో స్పష్టంగా ఉంది.

రెండోది, నొప్పి ఏకధాటిగా ఉండదు. అలలాగా వచ్చి, నిమిషం పాటు ఉండి, పోతుంది. మధ్యలో ఊపిరి పీల్చుకునే వ్యవధి ఉంటుంది. గర్భద్వారం అయిదు సెంటీమీటర్లు తెరుచుకున్న దగ్గర్నుంచి పూర్తిగా తెరుచుకునేదాకా తొలిచూలుకి మామూలుగా పన్నెండు గంటలు మించదు. మలి కాన్పుకి పది గంటలు.

మూడోది, భయం నొప్పిని పెంచుతుంది. భయపడితే ఒళ్ళు బిగుసుకుంటుంది, బిగుసుకుంటే నొప్పి ఎక్కువవుతుంది, నొప్పి మళ్ళీ భయాన్ని పెంచుతుంది. ఇంగ్లండు వైద్యుడు గ్రాంట్లీ డిక్ రీడ్ 1930లలోనే ఈ చక్రాన్ని గురించి రాశాడు. అలాగని నొప్పంతా మనసులోదే అనుకోవడం పొరపాటు. నొప్పి నిజం. దానిమీద పడే అదనపు బరువునే మనం దించుకోగలం.

నాలుగోది, నొప్పి తగ్గించమని అడగడం తప్పు కాదు. విక్టోరియా మహారాణి 1853లో ఎనిమిదో కాన్పుకి క్లోరోఫాం తీసుకుంది. మహారాణికి లేని తప్పు మనకెక్కడిది? ఇప్పుడు వెన్నులో ఇచ్చే ఎపిడ్యూరల్ ఇంజెక్షన్ ఉంది. దానికి మత్తు డాక్టరు దగ్గరుండాలి కనుక అన్ని చోట్లా దొరకదు. నడుము మర్దన చేయించుకోవడం, అటూ ఇటూ నడవడం, నిదానంగా ఊపిరి తీసుకోవడం మాత్రం ఎక్కడైనా చేయొచ్చు.

బాయికి ఉన్న పద్ధతి కాన్పుకి లేదు

మన బొగ్గుగనుల ఊళ్ళో ఉన్నవాళ్ళకి ఒక సంగతి తెలుసు. కొత్తగా చేరిన కార్మికుణ్ణి నేరుగా బాయిలోకి దింపరు. వి.టి.సి.లో ట్రైనింగ్ ఇస్తారు. లోపల ఏముంటుందో, ఏ చప్పుడైతే ఏం చేయాలో నేర్పిస్తారు. మరి మొదటిసారి లేబర్ రూములోకి వెళ్ళే పిల్లకి ఆ గది ఎలా ఉంటుందో ఎవరు చూపిస్తున్నారు? నేర్పేవాళ్ళు లేరు, తోడు లేరు, తలుపు వేసేస్తారు. పైగా మన క్వార్టర్లలో ఉన్నవి చాలావరకు బతుకుతెరువుకి వచ్చిన చిన్న కాపురాలు. పుట్టిల్లు ఎక్కడో ఉంటుంది. భర్త ఏ నైట్ షిఫ్టులోనో ఉంటాడు.

తోడు ఎంత ముఖ్యమో రుజువైన విషయమే. పదిహేను వేలకు పైగా స్త్రీలమీద వివిధ దేశాల్లో జరిగిన అధ్యయనాలను 2017లో కలిపి చూశారు. నొప్పుల సమయంలో ఒక మనిషి పక్కనే ఉన్నవాళ్ళకి మామూలు కాన్పులు ఎక్కువయ్యాయి, సిజేరియన్లు తగ్గాయి, నొప్పులు పడే సమయమూ కొంత తగ్గింది. మన కేంద్ర ఆరోగ్యశాఖ 2016లోనే ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణి వెంట ఒక బంధువుల స్త్రీని ఉండనివ్వచ్చని చెప్పింది. చాటుగా ఉండే ఏర్పాటున్న చోట భర్తనీ ఉండనివ్వచ్చంది. 2017లో మొదలైన 'లక్ష్య' పథకం లేబర్ రూముల్లో శుభ్రతతోపాటు మర్యాదనీ కొలవాలంది. మన రాష్ట్రమే అదే ఏడాది ఫెర్నాండెజ్ ఆసుపత్రి, యునిసెఫ్ తోడ్పాటుతో నర్సులకి మిడ్ వైఫరీలో పద్దెనిమిది నెలల శిక్షణ ప్రారంభించింది. రామగుండానికి 2022లో మెడికల్ కాలేజీ కూడా వచ్చింది. అంటే తెలియక కాదు, ఆదేశాలు లేకా కాదు. కాగితం మీది మాట మంచం దాకా రావాలి.

దీనికి కోట్లు అక్కర్లేదు. మంచానికీ మంచానికీ మధ్య ఒక తెర. తోడు వచ్చినావిడకి ఒక స్టూలు. ఒంటిమీద కప్పుకోవడానికి శుభ్రమైన దుప్పటి. పరీక్ష చేసేముందు "చూస్తానమ్మా" అని ఒక మాట. నర్సమ్మల కష్టం కూడా నాకు తెలుసు. ఒక్క మనిషి నలుగురు గర్భిణులని చూసుకుంటూ, నిద్రలేక, పైవాళ్ళ చేత మాటలు పడుతుంటే గొంతులో మెత్తదనం ఎక్కడినుంచి వస్తుంది? వాళ్ళ సంఖ్య పెంచమని అడగడం కూడా మన పనే.

మనం చేయగలిగింది

కడుపుతో ఉన్న అమ్మాయిలూ, ఏడో నెలలోనే ఆసుపత్రిలో ఈ మాటలు అడగండి: లేబర్ రూము ఒకసారి చూడనిస్తారా? నాతో ఎవరు ఉండొచ్చు? నొప్పి తగ్గించడానికి మీ దగ్గర ఏముంది? ఆపరేషన్ అంటే ఏ కారణానికి? మగ డాక్టరు పరీక్ష చేస్తే మీకు ఇబ్బందనిపిస్తే, పక్కన ఒక ఆడమనిషి ఉండాలని అడగండి. సిగ్గనిపిస్తే చీటీ మీద రాసివ్వండి.

అమ్మలూ, అత్తలూ, అక్కలూ! సీమంతానికి వెళ్ళి మన కాన్పుల భీభత్సాలు వర్ణించడం మానేద్దాం. "కడుపుతో ఉన్నమ్మ కనక మానదు" అని తేలిగ్గా తీసిపారేయడమూ మానేద్దాం. కనక మానదు, సరే. ఎలా కన్నదన్నది ఆమె జీవితాంతం మోస్తుంది. ఒంటికి ఏం జరుగుతుందో ఉన్నదున్నట్టు చెబుదాం. ఎవరైనా అవమానిస్తే, ఇంటికొచ్చి ఏడ్చి ఊరుకోకుండా, సూపరింటెండెంటుకి రాసివ్వమని ధైర్యం చెబుదాం. నేను ఆనాడు రాసిచ్చి ఉంటే, నా తర్వాత ఆ మంచం ఎక్కిన ఏ పిల్లో ఆ మాట పడకుండా ఉండేదేమో.

ఆ సాయంత్రం నా అబద్ధం సంగతి ఆ పిల్లకి చెప్పాను. మొదటిసారి ఒకరికి చెప్పడం. నవ్వలేదు, జాలిపడలేదు. "నీకు గూడ అట్లనే అయ్యిందా అక్కా" అంది అంతే. మర్నాడు ఇద్దరం కలిసి ఆసుపత్రికి వెళ్ళి ఆ గది చూపించమని అడిగాం. ఒక సిస్టర్ వింతగా చూసినా, ఖాళీగా ఉన్న వేళ తలుపు తీసి చూపించింది. వాళ్ళమ్మ తోడు రావచ్చని కూడా అంది. తిరిగొస్తూ ఆటోలో, "గంతేనా అక్కా, ఇంక ఎట్లనో అనుకున్న" అంది.

ముహూర్తం ఇంకా పెట్టించలేదు. ఆపరేషనా, మామూలు కాన్పా అన్నది సమయం వచ్చినప్పుడు ఆమె, డాక్టరమ్మ కలిసి తేల్చుకుంటారు. ఆమె తరపున సిగ్గు మాత్రం తేల్చకూడదు.