పెడల్ మారిస్తే కాలు మారుతుందా?

పోయినేడు బోనస్ డబ్బుల్తో డైరెక్ట్ డ్రైవ్ డబుల్ పెడల్ కొన్నా. ఒకే బేస్ డ్రమ్ముని రెండు కాళ్ళతో వాయించేది. నిమిషానికి 200 బీట్లు, బీటుకి నాలుగు దెబ్బలు కొట్టేయాలని ఆశ. అంటే సెకనుకి 13 పైనే, ఒక్కో కాలికి 150 మిల్లీసెకన్లకో దెబ్బ. రెండ్రోజుల్లోనే నా ఎడమకాలు 140 బీట్ల దగ్గర చేతులెత్తేసింది!

అలాగని ఫీచర్లన్నీ దండగ అనను. చైన్ బదులు గట్టి లింకు ఉంటే కాలు కదలగానే బీటర్ కదులుతుంది. స్ప్రింగ్ బిగువు, బీటర్ కోణం మనకి నచ్చినట్టు పెట్టుకోవచ్చు. కానీ అసలు చూడాల్సింది ఎడమ పెడల్ని డ్రమ్ము దగ్గరున్న బీటర్‌కి కలిపే రాడ్డుని. దాని చివర్లలో ఉండే యూనివర్సల్ జాయింట్లు కాస్త వదులైనా ఎడమ దెబ్బ బద్ధకంగా పడుతుంది. నా పాత పెడల్‌కి అదే రోగం. తెలియక ఏడాదిపాటు నా కాలిని తిట్టుకున్నా. కొత్తదాన్లో ఆ రోగం లేదు.. ఇప్పుడు తప్పు నిజంగా కాలిదే :)

నా ఉద్దేశంలో మంచి పెడల్ చేయాల్సింది అంతే, మనకి సాకు మిగల్చకపోవడం. సర్వర్ మార్చినంత మాత్రాన చెత్త కోడ్ బాగుపడుతుందా? మెట్రోనోమ్ 100 దగ్గర పెట్టుకుని మళ్ళీ మొదలెట్టా. కింది ఫ్లాట్ వాళ్ళు క్షమించాలి మరి!