ఇంటితోట: తొక్కతో తినే నారింజ

నారింజ జాతి పండు చేతికి రాగానే తొక్క ఒలవడం అందరికీ అలవాటు. కుమ్‌క్వాట్ విషయంలో ఆ అలవాటు రుచిని చెడగొడుతుంది. రేగుపండంత ఉండే ఈ పసిడివన్నె ఫలంలో తియ్యదనం ప్రధానంగా తొక్కలో ఉంటుంది, గుజ్జు పుల్లనిది. తొక్క పారవేసి తిన్నవారు మొక్కను నిందిస్తారు. కడిగి, తొక్కతో సహా నమిలినవారు మరొకటి కోరుతారు.

కాంటనీసు భాషలో ఈ పేరుకు ‘బంగారు నారింజ’ అని అర్థం. 1178 నాటి చైనా రచనలోనే దీని ప్రస్తావన ఉంది. లండన్ హార్టికల్చరల్ సొసైటీ తరఫున మొక్కలు సేకరించిన రాబర్ట్ ఫార్చ్యూన్ 1846లో దీనిని ఐరోపాకు చేర్చాడు. ఆయన పేరు మీదనే 1915లో వాల్టర్ స్వింగిల్ దీనికి ‘ఫార్చ్యునెల్లా’ అని నామకరణం చేశాడు. నేడు పలువురు శాస్త్రజ్ఞులు దీనిని నిమ్మ, నారింజలతోపాటు ‘సిట్రస్’లోనే చేరుస్తున్నారు.

ఒక్క కుండీకి మాత్రమే చోటున్న గృహస్థుడు రకమెంచుకోవడంలో పొరబడితే, కొన్నేళ్ళ శ్రమకు ఫలితం నోటికి రుచించని పండ్లే. అందుచేత రుచిభేదం ముందుగా తెలియడం మేలు.

నగామి: కోలగా ఉంటుంది, విస్తారంగా పెంచే రకమిదే. తీపి తొక్క వెంట గుజ్జులోని పులుపు చురుక్కున తగులుతుంది. పులుపు ప్రియులకు, మార్మలేడ్‌కు, ఊరగాయకు తగినది.

మారుమి: గుండ్రనిది. తొక్క పలుచన, నగామి కంటె కాస్త తీపి. గుజ్జు మాత్రం పుల్లనిదే.

మెయివా: ఇదీ గుండ్రనిదే. తొక్క దళసరి, తీయన. గుజ్జులోనూ పులుపు తక్కువ, గింజలు కొద్ది. చెట్టునుంచి కోసి నేరుగా తినదలచినవారికి, పిల్లలున్న ఇంటికి ఇదే ఉత్తమం.

హాంకాంగ్ కుమ్‌క్వాట్: పండు అతి చిన్నది, అందులో అధికభాగం గింజలే. చూపుకు అందం, నోటికి స్వల్పం.

కుమ్‌క్వాట్ పేరిట కాలమండిన్ మొక్కను అమ్మడం కూడా కద్దు. ఇది కుమ్‌క్వాట్‌కూ కమలాజాతికీ పుట్టిన సంకరం. తొక్క కమలావలె సులువుగా ఊడివస్తుంది; గుజ్జు నిమ్మవలె పులుస్తుంది. రసానికి మంచిదేగాని నమిలి తినాలన్న కోరికను తీర్చదు. కొనేటప్పుడు రకం పేరు అడగాలి. వీలైతే పండు రుచి చూడాలి. విత్తనపు మొక్క తన వేళ్ళపై బాగా ఎదగదు కనుక అంటు మొక్కనే తీసుకోవాలి.

మంచి రకమైనా తొందరపడి కోస్తే తీపి రాదు. జపానులోని మియజాకి ప్రాంతంలో ‘తమతమ’ పేరిట అమ్మే పండ్లను పూత తరువాత 210 రోజులకు పైగా చెట్టునే మాగనిస్తారు. చక్కెర పరిమాణం కనీసం 16 డిగ్రీల బ్రిక్స్ ఉండాలని నియమం. ఇంటి తోటమాలికి కొలత పరికరం అక్కరలేదు. రంగు తిరిగాక కొన్నాళ్ళు ఆగి, వారానికొక పండు రుచి చూస్తే చాలు.

తొక్కే ఆహారం కాబట్టి పురుగుమందుల విషయంలో జాగ్రత్త తప్పనిసరి. అలంకరణకై అమ్మే కుండీ మొక్కపై ఉన్న పండ్లను తినరాదు; ఇంట కాచిన తరువాతి కాపు వరకు ఓపిక పట్టాలి. ఆ కాపులో పండును వ్రేళ్ళ మధ్య మెల్లగా నలిపితే తొక్కలోని సువాసన తైలం మేల్కొంటుంది. పిమ్మట పండంతా ఒకేసారి నోట వేసుకొని నిదానంగా నమలాలి.