మీకెందుకమ్మా ఊళ్లోవాళ్ల గొడవ?

మా మరిదిగారు మహా తెలివైనవారు. ఆదివారం పూట సాగర్ రోడ్డు పట్టుకుని హైదరాబాదు నుంచి మా ఇబ్రహీంపట్నం వస్తారు, సుష్టుగా భోంచేస్తారు, ఆకూ వక్కా వేసుకుని నాకో సలహా పారేసి వెళతారు. మొన్నటి సలహా ఇదీ: "వదినా, ముక్కూ మొహం తెలియని ఆడవాళ్లు అరుగెక్కి ఏదో అడుగుతారు, నువ్వు చెబుతూ కూర్చుంటావు. నువ్వేమన్నా వకీలువా? డాక్టరువా? పోనీ, నవలలు రాస్తావా?"

మూడూ కాదు. రిటైరయిన పంతులమ్మని. అయినా, అడగందే సలహా చెప్పకూడదనుకుంటే ముందు ఆయనకే ఆ నియమం వర్తించాలి కదూ!

ఈ వెటకారం నాకు కొత్తకాదు. మాలతీ చందూర్‌గారు అప్పటి ఆంధ్రప్రభ వారపత్రికలో 'ప్రమదావనం' నడిపిన రోజులు గుర్తున్నాయా? 1950ల మొదట్లో పట్టిన కలం, నాలుగు దశాబ్దాలకు పైగా దించలేదు. ఆవిడా వకీలు కాదు, డాక్టరూ కాదు. వంటలు రాశారు, ఇంగ్లీషు నవలల్ని 'పాత కెరటాలు'గా మనకి పరిచయం చేశారు, 1992లో కేంద్ర సాహిత్య అకాడెమీ అవార్డు అందుకున్నారు. 2013లో ఆవిడ పోయినప్పుడు చాలా ఇళ్లలో సొంత పెద్దమ్మ పోయినట్టే అయింది. అటువంటి ఆవిడ పేజీని కూడా మా ఇంట్లో మగవాళ్లు ముందుగా లాక్కుని, ప్రశ్నలు ఆడగొంతుతో సాగదీసి చదివి, పడీ పడీ నవ్వేవారు. జవాబులు మాత్రం బిగ్గరగా చదివేవారు కాదు.

అసలు ముక్కూ మొహం తెలియని మనిషిని ఎందుకడుగుతారు? తెలిసినవాళ్లను అడిగితే ఏమవుతుందో తెలుసు గనక! అమ్మనడిగితే ఏడుస్తుంది. అత్తగారినడిగితే సాయంత్రానికి పంచాయితీ. భర్తనడిగితే "నీకీ పాడు ఆలోచనలు ఎవరు నేర్పారు?" అంటాడు. ఇక మిగిలింది అరుగు మీద పంతులమ్మ.

మొన్న వేసవిలో ఒకావిడ వచ్చింది. కొంగు చివర మడతలు పెట్టిన జిరాక్సు కాగితం. "టీచరమ్మా, మా అన్న సంతకం పెట్టుమంటుండు. పెడితే ఏమైతది?" ఔటర్ రింగు రోడ్డు వచ్చాక మా వైపు భూమి ఎకరాల్లోంచి గజాల్లోకి దిగింది. నిన్నటిదాకా చెల్లెలి మొహం చూడని అన్నలు కూడా పళ్లూ పూలూ పట్టుకుని బయల్దేరుతున్నారు. "పెళ్లికి బంగారం పెట్టిన, బతుకమ్మకు చీర పెడుతున్న, ఇంకేంది?" అన్నాట్ట.

నేను పెట్టమనీ అనలేదు, వద్దనీ అనలేదు. పెడితే ఏం పోతుందో చెప్పాను. తండ్రి సొంతంగా సంపాదించింది, వీలునామా రాయకుండా పోతే, అందులో కూతురికి కొడుకుతో సమాన వాటా అని 1956 చట్టమే చెప్పింది. పిత్రార్జితంలో 1985 సెప్టెంబరు 5 నుంచి మన రాష్ట్రంలో ఆడపిల్లకు హక్కు వచ్చింది గాని, అప్పటికే పెళ్లయిన వాళ్లను వదిలేశారు. ఆ అడ్డు 2005లో కేంద్రం తెచ్చిన సవరణతో తొలగింది. తండ్రి అప్పటికే పోయినా ఆ హక్కు ఉంటుందని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. చీర ఈ లెక్కల్లో ఎక్కడా లేదు.

"వకీలుకు పైసలేవి?" అంది. ఆడదై పుడితే చాలు, ఆదాయం ఎంతున్నా సరే, న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును పెట్టాలని 1987 నాటి చట్టం ఉంది. ఇది చెప్పడానికి నల్లకోటు తొడుక్కోవాలా? చదువొస్తే చాలదూ?

మరిదిగారి మాటలో నిజం బొత్తిగా లేదనను. తెలియనిది తెలిసినట్టు చెప్పేవాళ్లు ప్రమాదకరమే. అందుకే మాత్ర పేరు నా నోట రాదు. ఆస్పత్రికి దారి చెబుతాను, వెళ్లాక డాక్టరుగారిని ఏమేం అడగాలో కాగితం మీద రాసిస్తాను. కానీ ఆరోగ్యం సంగతి అసలే మాట్లాడవద్దంటే మాత్రం ఈ ఊళ్లో ఉండి ఒప్పుకోలేను.

2022 ఆగస్టు 25న మా ఇబ్రహీంపట్నం ప్రభుత్వాసుపత్రిలో ఒకేరోజు 34 మంది ఆడవాళ్లకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. ఇన్‌ఫెక్షన్ సోకి, వారం తిరక్కుండా నలుగురు పోయారు. మిగతా వాళ్లను హైదరాబాదు ఆస్పత్రులకు తరలించారు. పోయినవాళ్లు పసిపిల్లల తల్లులు. దాని మీద రాయవలసిన వాళ్లు రాశారు, విచారణలూ జరిగాయి. తర్వాత కొన్నాళ్లకు ఒక చిన్నపిల్ల, పాతికేళ్లుండవు, గొంతు తగ్గించి నన్నడిగిన ప్రశ్న మాత్రం ఏ పేపర్లోనూ రాలేదు: "ఆపరేషన్ ఆయన చేయించుకుంటే కాదా, టీచరమ్మా?"

ఎందుకు కాదు? మగవాళ్ల ఆపరేషన్‌కు పొట్ట తెరవక్కర్లేదు. ఆ చోటు వరకే మత్తిస్తారు, కాసేపట్లో అయిపోతుంది, అదేరోజు ఇంటికి రావచ్చు. బలం తగ్గిపోతుందన్నది వట్టి పుకారు. మూడు నెలలు మాత్రం వేరే జాగ్రత్త వాడి, పరీక్ష చేయించుకోవాలి. ఇంత తేలికైనదాన్ని వదిలేసి, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క చూడండి: తెలంగాణలో పెళ్లయిన ఆడవాళ్లలో నూటికి 60 మందికి పైగా ఆ బల్ల ఎక్కినవాళ్లే. మగవాళ్ల లెక్కకు ఒక చేతి వేళ్లే ఎక్కువ. ఈ ప్రశ్న ఆ పిల్ల ఇంట్లో అడగగలదా? అడిగితే ఎవరైనా జవాబు చెబుతారా?

ఇక నవలల సంగతి. "కాలక్షేపం కబుర్లకు కూడా నీ జవాబేనా?" అని ఆయన ఎత్తిపొడుపు. కిందటేడు ఒకమ్మాయి నా దగ్గర 'అన్నా కెరెనినా' తెలుగు పుస్తకం తీసుకెళ్లి, తిరిగిస్తూ అడిగింది: "కొడుకును ఇచ్చేసి ఉంటే ఆమె రైలు కింద పడేదా?" ఆ కథలో తల్లి, కొడుకు పుట్టినరోజు నాడు వదిలివచ్చిన ఇంట్లోకి దొంగలా వెళ్లి వాణ్ణి చూసుకుంటుంది. ఆ పేజీ దగ్గర అట్ట నలిగి ఉంది. నేను టాల్‌స్టాయ్ గురించి ఉపన్యాసం ఇవ్వలేదు. "నీ బాబుకెన్నేళ్లు?" అన్నాను. "నాలుగు" అంది. అయిదేళ్లు నిండని బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని 1956 నాటి చట్టంలో ఉందని చెప్పాను. ఆ పిల్ల పుస్తకం మళ్లీ చేతిలోకి తీసుకుంది.

అపరిచితులకు జవాబు చెప్పడం తప్పంటున్నారే, "సర్దుకుపో తల్లీ" అని అన్ని ప్రశ్నలకూ ఒకటే జవాబు చెప్పే పరిచితులను మాత్రం ఎవరూ ఏమీ అనరు. వాళ్లకు ఏ డిగ్రీ ఉందని?

ఇదంతా మరిదిగారితో అన్నాను. ఆయన నవ్వి, చెప్పులు తొడుక్కుని కారు దగ్గరికి నడిచారు. వంటింట్లో మా తోడికోడలు గిన్నెలు సర్దుతున్నదల్లా ఆగి, గొంతు తగ్గించింది.

"అక్కా, మా నాన్న పోయింది 2003లో. నీవు చెప్పిన ఆ తీర్పు నాకూ వర్తిస్తుందా?"

"2004 డిసెంబరు 20కి ముందే పంపకాలు అయిపోయి రిజిస్టరు కాలేదుగా?"

"ఏమో, కాగితాలు అన్నయ్య దగ్గరున్నాయి."

బయట కారు హారన్ మోగింది. ఆవిడ చేతులు తుడుచుకుని పీట వాల్చుకుంది. "ఆగమను, అయిదు నిమిషాలు" అంది.