గాలి నింపితే సరిపోతుందా?

మా రూమ్మేటు వాళ్ళ అన్నయ్య అమెరికాలో ఉద్యోగం చేస్తూ 1986 నాటి టయోటా ఎంఆర్2 కారొకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. దాని ఇంజనుకి సూపర్‌ఛార్జర్ బిగించాలని ఆయన కోరిక. ప్లాను రాసి పంపి, "నువ్వు ఫిజిక్సు వాడివి గదా తమ్ముడూ, లెక్క చూడు" అన్నాడు. మొదటి వరుసలో బ్లోయరు ధర, రెండో వరుసలో పుల్లీ సైజు. చూడగానే నాకు మా బావి దగ్గరి ఆయిలింజను గుర్తుకొచ్చింది.

నేను ఇంటర్లో ఉండగా ఓ వేసవిలో నీళ్ళు చాలక మా నాన్న ఇంజనుకి పెద్ద పుల్లీ వేయించాడు. పంపు వేగం పెరిగింది, నీళ్ళూ పెరిగాయి. నాలుగో రోజు మధ్యాహ్నం ఇంజను కాగిపోయి పిస్టను పట్టేసింది. రిపేరయ్యేసరికి మిరపతోట సగం వాడిపోయింది. "పంపుకి కావల్సింది చూశాంగాని, ఇంజనుకి కావల్సింది చూళ్ళేదురా" అన్నాడు నాన్న. పంపు లాగే శక్తి వేగం ఘనాన్నిబట్టి పెరుగుతుందని నాకు డిగ్రీలో చేరాకగాని తెలియలేదు.

సూపర్‌ఛార్జరూ ఇంజను తన బెల్టుతో తానే తిప్పుకునే గాలిపంపే. ఎక్కువ గాలి, దానికి తగ్గ పెట్రోలు, ఎక్కువ శక్తి. అన్నయ్య లెక్క సులువు: పీడనం ఒకటిన్నర రెట్లు చేస్తే 112 హార్స్‌పవరు కాస్తా 168 అవుతుంది! కాని నొక్కిన గాలి వేడెక్కుతుంది; సైకిలు పంపు కొట్టిన వాడెవడైనా చెబుతాడు. 35 డిగ్రీల గాలిని ఒకటిన్నర రెట్లు నొక్కితే, బ్లోయరు సామర్థ్యం 60 శాతం అనుకున్నా, సుమారు 98 డిగ్రీలకు పోతుంది. వేడి గాలి పల్చన. అంచేత లోపలికి పోయే గాలి బరువు పెరిగేది 50 శాతం కాదు, 25 శాతమే. ఇంటర్‌కూలర్‌తో 55 డిగ్రీలకు దించితే 40 దాకా రావచ్చు. అందులోంచి బ్లోయరు తిప్పినందుకు కూలి ఇంజనే ఇచ్చుకోవాలి.

టయోటావాళ్ళే 1988లో ఈ కారుని సూపర్‌ఛార్జరుతో అమెరికాలో అమ్మారు. అదే 1587 సీసీ. కంప్రెషన్ రేషియో 9.4 నుంచి 8కి దించారు, గట్టి పిస్టన్లు వేశారు, ఇంటర్‌కూలర్ పెట్టారు. ఇంతా చేసి 145 హార్స్‌పవరు దగ్గర ఆగారు. రేషియో ఎందుకు దించారు? అసలే నొక్కి వచ్చిన వేడిగాలిని సిలిండర్లో మళ్ళీ అంత గట్టిగా నొక్కితే, ప్లగ్గు మంట చేరేలోపే ఓ మూల మిశ్రమం తనంతట తానే భగ్గుమంటుంది. అదే నాకింగ్. పిస్టన్లు పగిలేది అక్కడే.

నా మటుకు నాకు తోచేదేమంటే, ప్లాను కాగితాన్ని తలకిందులు చేయాలి. ముందు బ్రేకులు, తర్వాత రేడియేటరు, పిస్టన్లు, ఇంజెక్టర్లు, ఇగ్నిషన్ టైమింగు; చిట్టచివర పుల్లీ. రేసుకారైతే ఇంజను పోయినా పక్కకు తోసేసి ఊరుకుంటారు. ఇది రోజూ ఆఫీసుకు పోయే కారు, పక్క సీట్లో వదిన కూర్చుంటుంది. (మన హాస్టల్లో బళ్ళకు సైలెన్సర్లు మార్చే మిత్రులు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను కూడా ఓసారి తిరగేస్తే మంచిది.)

ఇదంతా రాసి పంపితే రెండు వారాలు ఉలుకూ పలుకూ లేదు. కోపమొచ్చిందేమో అనుకున్నాం. మొన్న కొత్త ప్లాను వచ్చింది. మొదటి వరుసలో బ్రేకులున్నాయి. పుల్లీ సైజు దగ్గర ఖాళీ వదిలి, "మీ నాన్నగారిని అడిగి చెప్పు" అని రాశాడు.