తొక్కిసలాట అని రాసింది నేనే

2022 అక్టోబర్ 2, ఆదివారం. అప్పట్లో ఒక పత్రిక డెస్కులో పనిచేసేవాణ్ణి. ఇండోనేషియా నుంచి ఏజెన్సీ వార్త వచ్చింది. ముందురోజు రాత్రి మలాంగ్‌లోని కంజురుహాన్ స్టేడియంలో ఫుట్‌బాల్ మ్యాచ్ అయ్యాక వందమందికి పైగా చనిపోయారు. రెండు నిమిషాల్లో శీర్షిక పెట్టేశాను: "ఫుట్‌బాల్ మైదానంలో తొక్కిసలాట". దాని కింద, "ఓటమి తట్టుకోలేక అభిమానుల వీరంగం". బావుందన్నారు. పేజీ వెళ్ళిపోయింది, నేను టీకి వెళ్ళాను.

ఆ కాపీ రెండో పేరాలోనే ఉంది, పోలీసులు ప్రేక్షకులు కూర్చున్న వైపు బాష్పవాయువు కొట్టారని. దాన్ని ఐదో పేరాలోకి తోసింది కూడా నేనే.

ఈ తొక్కిసలాట అనే మాటను ఒకసారి చూడండి. కొట్లాట, పోట్లాట, తోపులాట. ఇవన్నీ ఒకరినొకరు చేసుకునే పనులకు మనం పెట్టుకున్న పేర్లు. తొక్కిసలాట అనగానే తొక్కినవాళ్ళూ జనమే, తొక్కించుకున్నవాళ్ళూ జనమే అయిపోతారు. గేటు తెరిచినవాడు, తాళం వేసినవాడు, పట్టనన్ని టికెట్లు అమ్మినవాడు ఆ మాటలో ఎక్కడా ఉండరు.

పైగా చాలాసార్లు అది నిజం కూడా కాదు. ఇలాంటి చోట్ల ఎక్కువమంది కాళ్ళ కింద పడి చనిపోరు, నిలబడే చనిపోతారు. నాలుగు వైపులనుంచి ఒత్తిడి, ఛాతీ పైకి లేవదు, ఊపిరి లోపలికి రాదు. పరిగెత్తడం మాట దేవుడెరుగు, చెయ్యి పైకెత్తే చోటుండదు. వెనకున్నవాళ్ళకి ముందేం జరుగుతోందో తెలీదు. తెలిసే అవకాశం ఉన్నది పైన కంట్రోల్ రూములో కూర్చున్నవాళ్ళకే.

1989 ఏప్రిల్ 15న ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో కంట్రోల్ రూముంది, కెమెరాలున్నాయి. హిల్స్‌బరో స్టేడియంలో లివర్‌పూల్, నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌ల ఎఫ్.ఏ. కప్ సెమీఫైనల్. నిలబడి చూసే టికెట్లున్న పదివేలమందికి పైగా లివర్‌పూల్ అభిమానులు లోపలికి వెళ్ళడానికి పెట్టిన టర్న్‌స్టైల్స్ 7. బయట నలుగుడు ఎక్కువైంది. 2:52కి పోలీసు కమాండర్ డేవిడ్ డకెన్‌ఫీల్డ్ ఆజ్ఞతో ఒక పెద్ద గేటు తెరిచారు. గేటుకి ఎదురుగా సొరంగం, సొరంగం చివర అప్పటికే కిక్కిరిసిన రెండు ఇనుప దొడ్లు. సొరంగం మూసి జనాన్ని పక్కలకి పంపాలని ఎవరికీ తోచలేదు. 97 మంది పోయారు. వాళ్ళలో అందరికంటే చిన్నవాడికి పదేళ్ళు.

అభిమానులే గేటు బద్దలుకొట్టారని డకెన్‌ఫీల్డ్ ఆ మధ్యాహ్నమే ఫుట్‌బాల్ అసోసియేషన్ వాళ్ళకి చెప్పాడు. నాలుగో రోజు 'ద సన్' పత్రిక, చచ్చిపోయినవాళ్ళ జేబులు అభిమానులే కొట్టేశారని రాసింది. దాని శీర్షిక 'నిజం'! శవాల రక్తంలో మద్యం ఎంతుందో పరీక్షించారు, పిల్లల్ని కూడా వదల్లేదు. 164 మంది వాంగ్మూలాలు దిద్దారని 2012లో బయటపడింది. ప్రధాన కారణం పోలీసుల వైఫల్యమేనని జస్టిస్ టేలర్ 1989 ఆగస్టులోనే తేల్చినా అబద్ధం చావలేదు. గేటు గురించి తాను చెప్పింది అబద్ధమని డకెన్‌ఫీల్డ్ 2015లో ఒప్పుకున్నాడు. చనిపోయినవాళ్ళవి చట్టవిరుద్ధ హత్యలని, అభిమానుల తప్పేమీ లేదని 2016లో జ్యూరీ చెప్పింది. 27 ఏళ్ళు! 2019లో డకెన్‌ఫీల్డ్ నిర్దోషిగా బయటికొచ్చాడు. మొత్తం మీద శిక్ష పడింది ఆ స్టేడియం క్లబ్బు మాజీ కార్యదర్శి ఒక్కడికి. 6,500 పౌండ్ల జరిమానా.

మరి హేసెల్ సంగతేంటంటారా? న్యాయమైన ప్రశ్నే. 1985లో బ్రస్సెల్స్‌లో లివర్‌పూల్ అభిమానులు కొందరు యువెంటస్ వైపు దూసుకెళ్ళారు, 39 మంది చనిపోయారు. అది నేరమే, కొందరికి శిక్షలూ పడ్డాయి. అభిమానులంతా అమాయకులని నేను అనడం లేదు. కానీ పాతబడి శిథిలమవుతున్న ఆ స్టేడియంలో యూరోపియన్ కప్ ఫైనల్ పెట్టింది అభిమానులు కాదు. పైగా జనమంటేనే ప్రమాదం, వాళ్ళని కంచెల్లో పెట్టాలి అనే బుద్ధి అలాంటి సంఘటనలతోనే బలపడింది. నాలుగేళ్ళ తర్వాత హిల్స్‌బరోలో జనం ఆ కంచెలకే ఆనుకుని చచ్చిపోయారు.

నేర్చుకున్నారా? 2022 మే 28న పారిస్‌లో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్. లివర్‌పూల్ అభిమానుల్ని ఇరుకు దారిలోకి తోలారు, గేట్లు మూశారు, బాష్పవాయువు కొట్టారు. ఆట ఆలస్యానికి కారణం అభిమానులు ఆలస్యంగా రావడమేనని స్టేడియం తెరమీద వేశారు. దొంగ టికెట్లవాళ్ళు, టికెట్లే లేనివాళ్ళు 30 నుంచి 40 వేలమంది వచ్చారని ఫ్రాన్స్ హోంమంత్రి చెప్పాడు. ప్రధాన బాధ్యత యూఏఫాదేనని మరుసటి ఏడాది స్వతంత్ర విచారణ తేల్చింది. ఆ రోజు ప్రాణాలు పోకపోవడానికి బహుశా అసలు కారణం అభిమానులు ఓర్పుగా ఉండటమే అని కూడా రాసింది. ఆ గుంపులో హిల్స్‌బరో నుంచి బతికి బయటపడ్డవాళ్ళున్నారు మరి.

పారిస్ అయిన నాలుగు నెలలకే కంజురుహాన్. స్టేడియాల్లో బాష్పవాయువు వాడకూడదని ఫిఫా నియమాల్లోనే ఉంది. అయినా కొట్టారు. జనం తలుపుల వైపు పరిగెత్తితే కొన్ని మూసి ఉన్నాయి, కొన్ని సగమే తెరిచి ఉన్నాయి. 135 మంది. మొదట విచారించిన కోర్టు ఒక పోలీసు అధికారిని వదిలేస్తూ, వాయువుని గాలి మోసుకుపోయిందంది. అంటే తప్పు గాలిది! తర్వాత సుప్రీంకోర్టు ఆ తీర్పు కొట్టేసింది, నిజమే. కానీ గాలి మీద కేసు పెట్టడం ఎంత తేలికో చూడండి. జనం మీద పెట్టడం అంతకంటే తేలిక.

మనకి ఫుట్‌బాల్ అంత పిచ్చి లేదు కాబట్టి ఇదంతా దూరపు కథ అనుకోకండి. 1980లో కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ మ్యాచ్‌కి వెళ్ళి 16 మంది తిరిగి రాలేదు. 2025 జూన్‌లో బెంగళూరు క్రికెట్ సంబరంలో చిన్నస్వామి స్టేడియం గేట్ల దగ్గర 11 మంది. పుష్కరాల ఘాట్ అయినా, సినిమా ప్రీమియర్ అయినా మన శీర్షికలు అవే. పోటెత్తిన జనం, అభిమానుల అత్యుత్సాహం. "అంత గుంపులోకి ఎందుకెళ్ళాలండీ" అని ఫోనుల్లో మనం వేసే నిట్టూర్పులూ అవే. ఉత్సాహం నేరం కాదు. లక్షలమందికి ఆ ఉత్సాహాన్ని అమ్మి, లోపలికెళ్ళడానికి నాలుగు తలుపులు చూపించడం నేరం.

కాబట్టి ఈసారి ఇలాంటి వార్త చదివినప్పుడు జనం ఎందుకొచ్చారని అడక్కండి. ఎన్ని తలుపులున్నాయి? తాళం ఎవరి దగ్గరుంది? పైనుంచి చూస్తున్నదెవరు? ఈ మూడూ అడగండి.

ఆ శీర్షిక ఇప్పుడు పెట్టమంటే ఇలా పెడతాను: "ప్రేక్షకులపై పోలీసుల బాష్పవాయువు, 135 మంది మృతి". కాస్త పొడుగే. కాలమ్‌లో పట్టకపోతే అక్షరాల సైజు తగ్గించుకోవాలి.