చెమటకు ఫీజు కట్టాల్నా?

పొద్దున లేస్తే బండి. ఆఫీసులో లిఫ్టు. సాయంత్రం మళ్లీ బండెక్కి జిమ్ముకు! అక్కడ పైసలు కట్టి కదలని సైకిల్ తొక్కుడు. సైకిల్ మీద కూరగాయలకు పోతే పరువు పోతుందట, అద్దాల గదిలో తొక్కితే హోదానట!

ఇది కాళ్ల జబ్బు కాదు, బుద్ధి జబ్బు. నాలుగక్షరాలు రాంగనే మనం మొదట వదిలేది చేతిపనినే. ఒళ్లొంచి బతికేటోళ్లను చిన్నచూపు చూసుడు నేర్చినం. ఫలితం? దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగరు ఉందని 2023లో ఐసీఎంఆర్ అధ్యయనం తేల్చింది. కారణాలు అనేకం. కదలని బతుకు అందులో ముఖ్యమైంది.

లండన్ డబుల్ డెక్కర్ బస్సుల సిబ్బంది మీద డాక్టర్ జెర్రీ మోరిస్ చేసిన పరిశోధన 1953లో అచ్చయింది. రోజంతా కూర్చునే డ్రైవర్లకన్నా, మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువ. వాళ్లు చేసిన కసరత్తేంది? టికెట్లు కొట్టుడే!

వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ఒక్కసారికి కనీసం పది నిమిషాలు చెయ్యాలన్న పాత షరతును కూడా 2020లో తీసేసింది. ఊపిరి వేగం పెరిగేటట్టు చేస్తే బండలు తుడుచుడు, బట్టలు పిండుడు, మెట్లెక్కుడు అన్నీ లెక్కలోకే వస్తయి. కండబలానికి వారంలో రెండు రోజులు బరువు పనులు కూడా చెయ్యాలె. అందుకు బియ్యం సంచి, నీళ్ల బకెట్ లేవా?

అయితే 'ఇంటిపనే వ్యాయామం' అని ఆడోళ్లకు నీతులు చెప్పేటోళ్లతో జాగ్రత్త. 2019 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే ఆడవాళ్లు అందుకు రోజూ 299 నిమిషాలు పెడుతుంటే, మగవాళ్లు పెడుతున్నది 97 నిమిషాలు. అసలు ఆ పని ముట్టే మగవాళ్లే నూటికి 26 మంది! ఇంట్ల గొడ్డుచాకిరి చేసే అమ్మకు, నాటేసే కూలికి, ఇటుకలు మోసే అక్కకు కావాల్సింది ఇంకింత కసరత్తు కాదు. కడుపునిండ తిండి, కంటినిండ నిద్ర, ఇంత తీరిక.

కదలాల్సింది కుర్చీలకు అతుక్కున్న మనం. ఉద్యోగులు, విద్యార్థులు, ముఖ్యంగా మగోళ్లు. జిమ్ము మీద మనకు పగ లేదు, పోయేటోళ్లు పోనీ. కానీ ఇంట్ల చీపురు ముట్టనోడు జిమ్ముల చెమట కారిస్తే కండలు పెరుగుతయేమో, ఇంట్ల భారం మాత్రం తగ్గదు. సగం పని మీదేసుకోండ్రి. మన ఒళ్లు బాగుపడుతది, అమ్మకు ఇంత ఊపిరి సలుపుతది.