పేరు యెహోవాది, దూడ మనది

ఇక్కడ అమెరికాలో మేం వెళ్ళే చర్చిలో ఈమధ్య లైట్లార్పి, పొగ వదిలి, కచేరీలా ఆరాధన చేస్తున్నారు. అదేమంటే, "కాలం మారిందండీ, ఇలా చెయ్యకపోతే పిల్లలు రారు" అంటారు. కాలం మారింది సరే, దేవుడు మారాడా?

నిర్గమకాండం 32వ అధ్యాయం చూడండి. అహరోను దూడను చేసి కూడా, చాటించింది యెహోవాకు పండుగనే! దేవుడి పేరు మార్చలేదు, జనం అడిగిన రూపం ఇచ్చాడంతే.

అసలు మార్పే వద్దని నేననడం లేదు. పురుషోత్తమ చౌదరి (1803-1890) మన రాగతాళాల్లోనే క్రైస్తవ కీర్తనలు రాశారు. బాణీ మనదే, మహిమ మాత్రం క్రీస్తుది. కాబట్టి గొడవ గిటారుతో కాదు. ఆరాధన ఎలా ఉండాలో తేల్చేది దేవుడి పరిశుద్ధతా, మన సరదానా అన్నదే ప్రశ్న.

పిల్లలు వస్తారు, సరే. వచ్చి ఎవర్ని చూస్తారు?